హారిసన్ రోడ్డు నుంచి మన ముందుగది దాకా

కలకత్తాలో హారిసన్ రోడ్డు మీద ఒక మేడ. అందులో ఒక అద్దె వాటా. తలుపు దగ్గర ఇత్తడి పలక. పలక మీద పేరు బ్యోమ్‌కేశ్ బక్షి, పేరు పక్కన వృత్తి సత్యాన్వేషి. బెంగాలీ పాఠకులు ఆ తలుపు ముందు మొదటిసారి నిలబడింది 1930ల తొలి ఏళ్ళలో. అరవై ఏళ్ళు గడిచాక 1993లో దూరదర్శన్ ఆ తలుపును దేశమంతటికీ తెరిచింది. డాబా ఎక్కి ఏంటెనా తిప్పేవాడు ఒకడు, కింద కిటికీలోంచి 'వచ్చింది, వచ్చింది, ఇక దిగిరా' అని అరిచేవాడు ఇంకొకడు. విజయవాడలోనూ వరంగల్లులోనూ కర్నూలులోనూ ఆ రోజుల్లో టీవీ చూడటమంటే ఇదే. హిందీ సగం అర్థమై సగం కాని ఆ ఇళ్ళలోకి కూడా ధోవతి కట్టుకున్న ఆ బెంగాలీ మనిషి నడిచి వచ్చాడు, కూర్చున్నాడు, మనవాడైపోయాడు. శరదిందు బందోపాధ్యాయ కథల నుంచి బాసు చటర్జీ తీసిన 'బ్యోమ్‌కేశ్ బక్షి' ధారావాహిక వెనుక నూరేళ్ళ దారి ఉంది. తెలుగువాళ్ళకు ఆ దారితో మనం అనుకునేదానికంటే పాత పరిచయమే ఉంది.

ముందుగా ఆ పేరు. వ్యోమకేశుడంటే ఆకాశమే జటాజూటమైన శివుడు. సంస్కృత 'వ' బెంగాలీ నోట 'బ' అయింది కనుక వ్యోమకేశుడు బ్యోమ్‌కేశ్ అయ్యాడు. ఇక వృత్తి పేరు. మనం ఈ రకం సాహిత్యాన్ని అపరాధ పరిశోధన అన్నాం. ఆ మాటలో ముందు నిలిచేది అపరాధం. బ్యోమ్‌కేశ్‌కు డిటెక్టివ్ అన్న మాట గిట్టదు, గోయెందా అన్న బెంగాలీ మాట అసలే గిట్టదు. అందుకే తనకు తానే సత్యాన్వేషి అని పేరు పెట్టుకున్నాడు. వెతికేది నేరాన్నా, నిజాన్నా? నేరాన్ని వెతికేవాడి పని నేరస్థుడు దొరకగానే అయిపోతుంది. నిజాన్ని వెతికేవాడికి మాత్రం అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. నిజమంతా తెలిశాక కూడా మనిషిని పోలీసుల చేతికి అప్పగించకుండా వదిలేసిన సందర్భాలు బ్యోమ్‌కేశ్ కథల్లో ఉన్నాయి. నాకు తెలిసినంతలో ఆ పాత్ర ప్రాణమంతా సత్యాన్వేషి అన్న ఈ ఒక్క మాటలోనే ఉంది. ఆ మాట చేతులు మారుతూ, తరాలు దాటుతూ ఎలా వచ్చిందన్నదే ఈ చరిత్ర.

మొదటి తరం పోలీసులది. కలకత్తా పోలీసు శాఖలో డిటెక్టివ్ విభాగం 1868లో ఏర్పడింది. అందులో పనిచేసిన ప్రియనాథ్ ముఖోపాధ్యాయ 1892 నుంచి తన అనుభవాలను 'దారోగార్ దప్తర్' పేరుతో నెలనెలా అచ్చు వేయించాడు. దారోగా కచేరీ కాగితాలు అన్నమాట. వలస పాలనలో పోలీసు అంటే జనానికి భయం, ఆ భయం పక్కనే ఒక కుతూహలం. ఆ కుతూహలమే వాటికి పాఠకులను తెచ్చింది. చేయి తిరిగిన కథకుడు కాకపోయినా ప్రియనాథ్ రాసిన ఊరు నిజమైన ఊరు, సందులు నిజమైన సందులు. అటు ఇంగ్లండులో కానన్ డాయల్ షెర్లాక్ హోమ్స్ 1887లో పుట్టి అప్పటికే సముద్రాలు దాటుతున్నాడు. ఆ గాలి తగిలిన రెండో తరం బెంగాలీ రచయితల్లో పాంచకడీ దే పేరు ముందు చెప్పాలి. మారువేషాలు, రహస్య మార్గాలు, మాయావినులు, విషాలు కలగలిసిన అతని నవలలు బెంగాల్‌ను ఊపేశాయి. అక్కడితో ఆగకుండా తెలుగులోకీ వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో చదువుకున్న తెలుగిళ్ళలో పాంచకడీ దేవ్ అంటే తెలియనివాళ్ళు తక్కువ. శరత్‌బాబు చక్రపాణి అనువాదాలతో మన ఇంటి మనిషి కావడానికి ముందే బెంగాల్ నుంచి మనకు అపరాధ పరిశోధకుడు వచ్చాడు. వంగదేశపు కన్నీళ్ళ కంటే వంగదేశపు హత్యలు మనకు ముందు పరిచయం. సాహిత్య చరిత్రలు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. దానికి ఒక అధ్యాయమైనా దక్కాలి.

అయితే ఆ రెండో తరంలో చాలావరకు అరువు సరుకే. పరదేశపు కథకు ధోవతి చుట్టి వీధిలోకి పంపడం అప్పటి రివాజు. దీనేంద్రకుమార్ రాయ్ కలం నుంచి రాబర్ట్ బ్లేక్ కథలు వరసపెట్టి వచ్చాయి. హేమేంద్రకుమార్ రాయ్ జయంతుణ్ణీ మాణిక్‌నూ సృష్టించి పిల్లలను కట్టిపడేశాడు. వీళ్ళెవరినీ తక్కువ చేయలేం, చదివే అలవాటును పెంచింది వాళ్ళే. కాని పెద్దలు వాటిని దిండు కింద దాచుకుని చదివేవారు. చదివామని ఒప్పుకునేవారు కాదు. ఈ చిన్నచూపును పోగొట్టడానికి భాష మీద పూర్తి పట్టున్న సాహిత్యకారుడు ఒకడు కావలసి వచ్చాడు.

శరదిందు బందోపాధ్యాయ 1899 మార్చి 30న జౌన్‌పూర్‌లో పుట్టాడు. పెరిగింది బీహారులోని ముంగేర్‌లో. కలకత్తాకు చదువుకోవడానికి వెళ్ళి విద్యాసాగర్ కాలేజీలో చేరి మెస్సుల్లో ఉన్నాడు. తరవాత పాట్నాలో న్యాయశాస్త్రం చదివాడు. ఆ మెస్సు జీవితాన్ని గుర్తుపెట్టుకోవాలి. పల్లెల నుంచీ పట్టణాల నుంచీ వచ్చిన గుమాస్తాలు, విద్యార్థులు, నిరుద్యోగులు ఒకే కప్పు కింద గదులు పంచుకుని, ఒకే వంటవాడి చేతి కూడు తిని, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా బతికే చోటు అది. రహస్యానికి అంతకంటే అనువైన స్థలం మరొకటి లేదు. బ్యోమ్‌కేశ్ మొదట కనిపించే 'సత్యాన్వేషి' కథ అలాంటి మెస్సులోనే నడుస్తుంది. కొకెయిన్ అమ్మకాలూ హత్యలూ జరుగుతున్న పేటలో ఒక మెస్సు. అందులో రచయిత కావాలని కలలు కనే అజిత్. అతని గదిలోకి అతుల్‌చంద్ర మిత్ర అనే దొంగపేరుతో వచ్చి చేరిన యువకుడు. స్నేహం అక్కడ మొదలై నలభై ఏళ్ళు సాగింది. రాసిన వరసలో చూస్తే ఇది మొదటి కథ కాదు. 1932లో ముందు 'పథేర్ కాంటా', తరవాత 'సీమంత హీరా' రాశాక, ఈ మనిషిని ఇంకా రాయాలని నిశ్చయించుకున్నాక శరదిందు వెనక్కి తిరిగి అతనికి ఈ పుట్టుక కథ రాశాడు. 1933లో 'బ్యోమ్‌కేశేర్ డైరీ' పుస్తకంగా వచ్చింది.

ఈ కథల్లో కొత్తదనం ఎక్కడుందో తెలియాలంటే 'పథేర్ కాంటా' చాలు. కలకత్తా వీధిలో నడిచి వెళ్ళే మనిషి ఉన్నట్టుండి కూలిపోతాడు. గుండెలో దొరికేది గ్రామఫోను ముల్లు. గ్రామఫోను అప్పటికి మధ్యతరగతి ఇంటి గర్వం, సాయంత్రం పూట పాట వినిపించే వస్తువు. మృత్యువు ఆ వస్తువులోంచే వచ్చింది. 'మాకొర్షార్ రస్' కథలో గది దాటని రోగిష్టి ముసలాయనకు ఇంటిల్లిపాదీ కాపలా కాస్తున్నా సాలీడు రసం మత్తు ఎలా చేరుతోందన్నదే ప్రశ్న. కోటలు, సొరంగాలు, మారువేషాల మహారాణులు పక్కకు తప్పుకున్నారు. వీలునామా, వాటాలు, ఉమ్మడి కుటుంబం, అల్లుడి అప్పులు, మందుసీసా ముందుకు వచ్చాయి. 'అర్థమనర్థం' కథలో పరిశోధకుడికి సత్యవతి ఎదురైంది. హత్య జరిగిన ఇంట్లో చూసిన ఆ అమ్మాయినే తరవాత పెళ్ళాడాడు. పైపు, వయొలిను, ఏకాంతం ఉన్న హోమ్స్‌కూ ఇతనికీ అక్కడ దారులు వేరయ్యాయి. బ్యోమ్‌కేశ్ సంసారి. భార్య అలిగితే బతిమాలతాడు. పనివాడు పుఁటిరామ్ తెచ్చిన టీ తాగుతూ పేపరు చదువుతాడు, ఆ పేపరులోని ప్రకటనల్లోనే ఊరి గుట్టు దాగి ఉంటుందని నమ్ముతాడు.

పది కథల తరవాత కలం ఆగింది. 1938లో శరదిందు బొంబాయి వెళ్ళి హిమాంశు రాయ్ బాంబే టాకీస్‌లో సినిమా కథలు రాశాడు. పదిహేనేళ్ళ పాటు బ్యోమ్‌కేశ్ మూగబోయాడు. పాఠకులు మాత్రం మరిచిపోలేదు. కొత్త తరం పిల్లలు పాత పుస్తకాలు చదివి, తరవాతి కథ ఏదని అడగసాగారు. 1951లో 'చిత్రచోర్'తో మళ్ళీ మొదలైంది. 1952లో సినిమా రంగాన్ని వదిలి పూనాలో స్థిరపడి అక్కడే చివరిదాకా రాశాడు. ఈ రెండో విడతలో రచయిత ఒక సాహసం చేశాడు. కథానాయకుణ్ణి పాత కాలంలోనే ఆపి ఉంచకుండా దేశంతో పాటు నడవనిచ్చాడు. 'ఆదిమ్ రిపు' కథ 1946 మతకల్లోలాల కలకత్తాలో నడిచి స్వాతంత్ర్యం వచ్చే వేళకు ముగుస్తుంది. బ్యోమ్‌కేశ్‌కు కొడుకు పుట్టాడు. అజిత్ పుస్తక ప్రచురణలోకి దిగాడు. చివరి కథలకు వచ్చేసరికి కథ చెప్పే బాధ్యత కూడా అజిత్ చేతుల్లోంచి తప్పింది. దక్షిణ కలకత్తాలో సొంత ఇల్లు ఏర్పడింది. 1970 సెప్టెంబర్ 22న శరదిందు కన్నుమూసేనాటికి 32 కథలు పూర్తయ్యాయి. ముప్పై మూడోది 'బిశుపాల్ బధ్' సగంలో ఆగిపోయింది.

ఇక్కడ తెలుగువాళ్ళకు దగ్గరి సంగతి ఒకటుంది. ఇదే కలం 'తుంగభద్రార్ తీరే' అనే చారిత్రక నవల రాసింది. రెండవ దేవరాయల నాటి విజయనగరం, ఆ రాజును పెళ్ళాడటానికి నదుల మీదుగా తరలివచ్చే కళింగ రాకుమారి, తుంగభద్ర సుడులు అందులో కథావస్తువు. 1967లో దానికి రవీంద్ర పురస్కారం వచ్చింది. హంపీ రాళ్ళను మన నవలాకారులతో సమానంగా ప్రేమించిన బెంగాలీ ఆయన. ఒక కాలపు నడకను, బట్టను, అన్నాన్ని, మర్యాదను పట్టుకునే ఆ చారిత్రక దృష్టే బ్యోమ్‌కేశ్ కథల్లోనూ పనిచేసింది. అందుకే అవి రాసినప్పుడు సమకాలీన కథలే అయినా, తరవాతి తరానికి చరిత్రగా మిగిలాయి. ట్రాము చార్జీ, మెస్సు భోజనం, యుద్ధకాలపు కరువు, నల్లబజారు అన్నీ ఆ పుటల్లో ఉన్నాయి.

వెండితెర ఈ కథలను 1967లో అందుకుంది. సత్యజిత్ రాయ్ 'చిడియాఖానా' తీశాడు. ఉత్తమ్ కుమార్ బ్యోమ్‌కేశ్. రాయ్‌కు ఉత్తమ దర్శకుడిగా, ఉత్తమ్ కుమార్‌కు 'ఆంటొనీ ఫిరింగీ'తో కలిపి ఉత్తమ నటుడిగా జాతీయ పురస్కారాలు వచ్చాయి. అయినా ఆ సినిమాను రాయ్ గొప్ప చిత్రాల వరసలో పెట్టడం కష్టం. అప్పటికే ఆయన మనసు తన సొంత పరిశోధకుడు ఫెలూదా వైపు మళ్ళింది. 1965లో 'సందేశ్' పిల్లల పత్రికలో మొదలైన ఫెలూదా 1974లో 'సోనార్ కేల్లా'గా తెరకెక్కి బెంగాల్ బాల్యాన్ని ఏలాడు. బ్యోమ్‌కేశ్ పెద్దల పుస్తకంగానే, పెద్దల అలమరలోనే ఉండిపోయాడు. బెంగాల్ బయట అతని పేరు తెలిసినవాళ్ళు అప్పటికి ఎంతో మంది లేరు.

ఆ ఏళ్ళలోనే తెలుగునాట డిటెక్టివ్ నవల తన సొంత స్వర్ణయుగాన్ని చూసింది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అతని అసిస్టెంటు రాజు అద్దె లైబ్రరీలను ఏలారు. ఆరుద్ర అంతటి కవి కూడా డిటెక్టివ్ నవలలు రాశారు. రోజుకు ఇంత అని అద్దె కట్టి, అట్ట చిరిగి మొదటి పేజీలు ఊడిన పుస్తకాన్ని రాత్రికి రాత్రే పూర్తి చేసిన తరం అది. తెలుగు చదవడంలో వేగం అలా అలవడిందని నేను గట్టిగా నమ్ముతాను. కాని మన పరిశోధకుడు ఎక్కువగా కారులో తిరిగాడు, పిస్తోలు పట్టాడు, మద్రాసు నగరపు ఆధునికతకు ప్రతినిధి అయ్యాడు. ఇంట్లో కూర్చుని టీ తాగుతూ ఆలోచించే పరిశోధకుడి చోటు మన ఊహలో ఖాళీగానే ఉండిపోయింది. 1993లో బ్యోమ్‌కేశ్ వచ్చి కూర్చున్నది ఆ చోట్లోనే.

దానికి టీవీ సిద్ధం కావాలి. మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. 1975లో ఉపగ్రహం ద్వారా బోధనా ప్రయోగం జరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా అందులో ఉన్నాయి. 1976లో దూరదర్శన్ ఆకాశవాణి నుంచి వేరుపడింది. 1977లో హైదరాబాదు కేంద్రం వచ్చింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల ఏడాది జాతీయ ప్రసారమూ రంగుల బొమ్మా కలిసి వచ్చాయి. 1984లో 'హమ్ లోగ్' మళ్ళీ మళ్ళీ కలుసుకునే కుటుంబాన్ని పరిచయం చేసింది. 1985లో పంకజ్ కపూర్ కారట్ కొరుకుతూ 'కరమ్‌చంద్' అయ్యాడు. బుల్లితెర పరిశోధకుడికి జనాదరణ ఉంటుందని తేల్చింది ఆ ధారావాహికే. 1986లో శశి కపూర్ ఫెలూదాగా 'కిస్సా కాఠ్‌మాండూ కా' వచ్చింది. అదే ఏడాది మన వెండితెర మీద జంధ్యాల 'చంటబ్బాయి' నవ్వించింది. ఆర్.కె. నారాయణ్ కథలు 'మాల్గుడి డేస్'గా, భీష్మ్ సాహ్నీ నవల 'తమస్'గా తెరకెక్కాయి. నెహ్రూ గ్రంథం ఆధారంగా శ్యామ్ బెనెగల్ 'భారత్ ఏక్ ఖోజ్' తీశారు. మంచి పుస్తకం మంచి ధారావాహిక కాగలదన్న నమ్మకం ఆ దశాబ్దానిది. ఒకే ఒక చానల్ ఉన్న కాలపు పరిమితులను మనం తరచు చెప్పుకుంటాం. ఆ పరిమితిలోనే ఈ నమ్మకమూ పుట్టింది.

బాసు చటర్జీ అజ్మీరులో పుట్టిన బెంగాలీ. బొంబాయిలో 'బ్లిట్జ్' వారపత్రికకు పద్దెనిమిదేళ్ళు కార్టూన్లు గీశాడు. 1969లో 'సారా ఆకాశ్', 1974లో 'రజనీగంధా', 1976లో 'ఛోటీ సీ బాత్', 'చిత్‌చోర్' తీశాడు. బస్‌స్టాపులో నిలబడే నాయకుడు, ఆఫీసు బల్ల, రెండు గదుల ఇల్లు ఆయన లోకం. దూరదర్శన్‌కు 1985లో 'రజనీ' తీసి గ్యాసు సిలిండరు దగ్గర, ఫోను బిల్లు దగ్గర నిలదీసే గృహిణిని దేశానికి చూపాడు. 1986లో 'ఏక్ రుకా హువా ఫైస్లా' తీశాడు. పన్నెండుగురు జూరీ సభ్యులు ఒక గదిలో కూర్చుని ఒక కుర్రవాడి ప్రాణం గురించి వాదించుకోవడం తప్ప అందులో మరేమీ లేదు. అందులో మొదటగా సందేహం వెలిబుచ్చి అందరినీ ఆలోచింపజేసే సభ్యుడి పాత్ర వేసినవాడు కె.కె. రైనా. 'బ్యోమ్‌కేశ్ బక్షి'కి బీజం అక్కడే పడిందని నాకనిపిస్తుంది. గదిలోపలి మాటలతోనే ఉత్కంఠ పుట్టించవచ్చని దర్శకుడికి అప్పటికే తెలుసు. ఆ నటుడే తరవాత అజిత్ అయ్యాడు.

బ్యోమ్‌కేశ్‌గా వేసిన రజిత్ కపూర్ అప్పటికి నాటకరంగం వాళ్ళకు తెలిసిన యువకుడు. శ్యామ్ బెనెగల్ 'సూరజ్ కా సాత్వాఁ ఘోడా'లో కథలు చెప్పే మాణిక్ ముల్లాగా సినిమాకు వచ్చాడు. సత్యవతిగా సుకన్యా కులకర్ణి. పుస్తకం రాసినవాడు బీహారులో పెరిగి పూనాలో నివసించిన ప్రవాస బెంగాలీ, ధారావాహిక తీసినవాడు బొంబాయిలో స్థిరపడిన ప్రవాస బెంగాలీ, ముఖ్యపాత్రల్లో నటించినవాళ్ళు బెంగాలీలే కారు, మాట్లాడింది హిందీ. ఇన్ని చేతులు మారాక కూడా ఆ కలకత్తా కలకత్తాగానే నిలిచింది. ఇంటిని దూరం నుంచి గుర్తుచేసుకునేవాడికి గోడ మీద గడియారం ఎక్కడుందో కూడా గుర్తుంటుంది. అలాంటి జ్ఞాపకం కథలోనూ ఉంది, తెర మీదా ఉంది.

తొలి విడతలో 14 భాగాలు వచ్చాయి. బాసు చటర్జీ శరదిందు రాసిన వరస కాకుండా కథాకాలపు వరస పట్టుకుని 'సత్యాన్వేషి'తో మొదలుపెట్టాడు. ఆ తరవాత 'పథేర్ కాంటా' 'రాస్తే కా కాంటా' అయింది, 'మాకొర్షార్ రస్' 'మక్‌డీ కా రస్' అయింది. దర్శకుడు కథను మార్చలేదు. ఇది చెప్పినంత తేలిక కాదు. మూల రచనను నమ్మాలంటే దర్శకుడు తన పేరు వెనక్కి పెట్టుకోవాలి. కెమెరా ఎక్కువగా గదుల్లోనే ఉంటుంది. ఎవరో వస్తారు, కూర్చుంటారు, తమ గోడు చెప్పుకుంటారు. బ్యోమ్‌కేశ్ వింటాడు. అతని పాత్రలో సగం పని వినడమే. రజిత్ కపూర్ విన్న తీరును ఇప్పుడు మళ్ళీ చూసినా ముచ్చటేస్తుంది. కళ్ళు చిన్నవి చేసి, పెదవి మీదికి రానా వద్దా అన్నట్టున్న నవ్వుతో, ఎదుటివాడి మాటలో ఎక్కడో దొరికిన దారప్పోగును వేలికి చుట్టుకుంటున్నట్టు ఉంటాడు. గొంతు పెంచడు. తన తెలివికి తానే మురిసిపోడు. నిజం బయటపడిన క్షణాన అతని ముఖంలో గెలుపు కంటే దిగులు ఎక్కువగా కనిపిస్తుంది.

అజిత్‌ను చూడండి. మన నవలల్లోనూ సినిమాల్లోనూ పరిశోధకుడి పక్కనుండేవాణ్ణి నవ్వించడానికి వాడుకున్నాం. రైనా అజిత్ విదూషకుడు కాదు. చదువుకున్న రచయిత, అభిమానం గలవాడు, స్నేహితుడి తెలివిని మెచ్చుకుంటూనే తన సొంత బుర్రతో ఆలోచించేవాడు. అతను తప్పు ఊహించినప్పుడు మనమూ తప్పే ఊహించి ఉంటాం. సత్యవతి వచ్చాక ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి ఉండటం, వంటింట్లోంచి వినిపించే మాట, అలక, కేసు విషయంలో ఆమె వేసే సూటి ప్రశ్న అన్నీ ధారావాహికకు ఇంటి వెచ్చదనం ఇచ్చాయి. పెద్దా చిన్నా కలిసి కూర్చుని చూడగలిగిన హత్య కథలివి. హత్యను కళ్ళకు కట్టేలా చూపడం మీద దర్శకుడికి ఆసక్తి లేదు. హత్య ఇంటిని ఏంచేసిందో చూపడం మీద ఉంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. వెలుతురు చదునుగా ఉంటుంది, బయటి వీధులు తక్కువ, కొన్ని చిన్న పాత్రల నటన నాటకీయంగా తేలిపోతుంది. ఇంగ్లండులో గ్రనాడా సంస్థ 1984 నుంచి 1994 వరకు జెరెమీ బ్రెట్‌తో షెర్లాక్ హోమ్స్ తీసినప్పుడు మాంచెస్టరులో బేకర్ వీధినే కట్టారు. డేవిడ్ సుషే 1989లో పువారో పాత్ర మొదలుపెట్టి 2013 దాకా క్రిస్టీ కథలను 70 భాగాల్లో పూర్తి చేశాడు. సోవియట్ దేశంలో వసీలీ లివానోవ్ 1979లో హోమ్స్ వేసి, ఆ పాత్రకు గాను తరవాత బ్రిటిష్ రాణి నుంచి గౌరవం పొందాడు. ఆ వైభవం పక్కన మన దూరదర్శన్ బడ్జెట్ చాలా చిన్నది. కాని ఈ చారిత్రక పరిశోధక ధారావాహికలన్నిటిలో కనబడే ముఖ్య గుణం, మూలరచన మీద గౌరవం, దీనిలోనూ నిండుగా ఉంది. అద్దె వాటాలో ఉండే మధ్యతరగతి మనిషి కథకు ఆ పొదుపు తెర బాగానే అమరింది. ఉన్న నాలుగు కుర్చీలూ ఒక గడియారమూ ఒక టీ కప్పూ సరిగ్గా ఉండవలసిన చోట ఉన్నాయి.

తొలి విడతకూ రెండో విడతకూ మధ్య నాలుగేళ్ళలో టీవీ లోకం తలకిందులైంది. స్టార్ 1991లోనే, జీ 1992లోనే వచ్చి ఉన్నాయి. 1995లో తెలుగు ఇళ్ళలోకి జెమిని, ఈటీవీ వచ్చాయి. డాబాల మీద ఏంటెనాలు తుప్పు పట్టడం మొదలై, వీధి స్తంభాల మీదుగా కేబుల్ తీగలు పాకాయి. రజిత్ కపూర్ ఈలోపు 'ది మేకింగ్ ఆఫ్ ది మహాత్మా'లో యువ గాంధీ అయి జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం అందుకున్నాడు. సత్యాన్వేషణ పేరుతో బతికిన రెండు పాత్రలు ఒకే నటుడికి దక్కడం ఎంత అరుదు! 1997లో మరో 20 భాగాలతో ఆయన మళ్ళీ హారిసన్ రోడ్డు ఇంటికి వచ్చాడు. మొత్తం 34. అప్పటికి చూసేవాళ్ళు చీలిపోయారు. రోజూ సాగే కుటుంబ కథలకు గిరాకీ పెరిగింది. వారానికొక కథ చెప్పి, ముగించి, సెలవు తీసుకునే పద్ధతి పాతబడింది. అందుకే రెండో విడత గురించి చెప్పుకునేవాళ్ళు తక్కువ. రజిత్ కపూర్ నటన అందులో మరింత నెమ్మదించి, మరింత లోతుగా ఉంటుంది. తొలి విడత చూసి అక్కడితో ఆపినవాళ్ళు రెండోదీ చూడాలి.

బెంగాల్‌కు ఆ తరవాత బ్యోమ్‌కేశ్ మీద మళ్ళీ మనసు మళ్ళింది. 2010లో అంజన్ దత్ తీసిన చిత్రంలో ఆబీర్ చటర్జీ బ్యోమ్‌కేశ్ అయ్యాడు. ఋతుపర్ణ ఘోష్ చివరి చిత్రం 'సత్యాన్వేషి' ఆయన మరణించిన 2013లోనే విడుదలైంది. 2015లో దిబాకర్ బెనర్జీ హిందీలో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్‌తో రెండో ప్రపంచయుద్ధం నాటి కలకత్తాను భారీగా పునర్నిర్మించాడు. 2017 నుంచి అనిర్బాన్ భట్టాచార్య వెబ్ సిరీస్‌లో ఆ పాత్ర వేశాడు. ప్రతి తరమూ తనకు కావలసిన బ్యోమ్‌కేశ్‌ను ఎంచుకుంది. ఒకరు ప్రేమికుణ్ణి, ఒకరు సాహసిని, ఒకరు అలసిపోయిన మేధావిని. ఎవరు వేసినా ప్రేక్షకులు ముందు రజిత్ కపూర్‌తో పోల్చి చూడటం మాత్రం మానలేదు. బెంగాలీ పాత్రకు హిందీ ధారావాహిక కొలబద్ద కావడం ఇదొక్కచోటే చూశాను.

2020 మార్చిలో దేశం ఇళ్ళకు తాళం వేసుకుంది. దూరదర్శన్ తన పాత పెట్టె తెరిచింది. మార్చి 28న ఉదయం 'రామాయణ్'తో పాటు 'బ్యోమ్‌కేశ్ బక్షి' కూడా మళ్ళీ మొదలైంది. వీధుల్లో అలికిడి లేని ఆ రోజుల్లో, 1993లో పిల్లలుగా ఏంటెనా తిప్పినవాళ్ళు తమ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూశారు. తెర నాలుగు పలకలుగానే ఉంది, రంగు కొంచెం వెలిసింది. మెస్సు గదిలో అజిత్ తల ఎత్తి చూశాడు, గుమ్మంలో అతుల్‌చంద్ర మిత్ర అని చెప్పుకుంటున్న సన్నటి యువకుడు నిలబడి ఉన్నాడు. ఆ ప్రసారం మొదలైన రెండు నెలలకు, జూన్ 4న, బాసు చటర్జీ ముంబయిలో కన్నుమూశారు. వార్త చెప్పిన చానళ్ళు 'రజనీగంధా' పాటతో పాటు, ధోవతి కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలి ఎవరి మాటో వింటున్న రజిత్ కపూర్ బొమ్మనూ చూపించాయి.